పాత రంపపు మిషన్: బాగు చేయించాలా, మార్చాలా?



ఈ నెల ఆరోగ్య పాఠం బీపీ గురించి కాదు, షుగర్ గురించి కాదు. చెక్క కోసే రంపపు మిషన్ గురించి. "సిస్టరమ్మకు మిషన్లతో ఏం పని?" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. ముప్పై ఏళ్లకు పైగా డ్రెస్సింగ్ రూములో పని చేసినదాన్ని. వేళ్లు తెగి వచ్చినవారిని ఎందరినో చూశాను. వారిలో చాలామంది చెప్పే మొదటి మాట ఒక్కటే: "ఎప్పుడూ చేసే పనే సిస్టర్, ఈ ఒక్కసారే ఇట్లయింది." కాబట్టి ఈ పాఠం నా పనికి దూరమైనది కాదు.

మన రాయికల్, కోరుట్ల, జగిత్యాల వైపు గల్ఫ్ వెళ్లి వడ్రంగి పని చేసి తిరిగి వచ్చినవారు చాలామంది ఉన్నారు. ఉద్యోగం నుండి రిటైరై, సరదాగా ఇంటి వెనుక రేకుల షెడ్డులో పీటలు, స్టూళ్లు, పుస్తకాల అల్మారాలు చేసుకునే పెద్దలూ ఉన్నారు. ఇది మంచి అలవాటే. చేతికి పని, మనసుకు శాంతి. కాని ఆ షెడ్డులో ఉండే మిషన్ తరచుగా పాతది. ఒకరు వాడి అమ్మితే ఇంకొకరు కొన్నది. అది మొరాయించినప్పుడు ఇంట్లో ఒక ప్రశ్న వస్తుంది: బాగు చేయిద్దామా, కొత్తది కొందామా? ఆ ప్రశ్న పోయిన సంవత్సరం మా ఇంట్లోనే వచ్చింది.

మా ఇంట్లో జరిగింది

మా వారు రిటైర్డు టీచరు. ఆయన దగ్గర పది అంగుళాల బ్లేడు ఉన్న బల్ల రంపం ఉండేది. ఇరవై ఏళ్ల క్రితం, ఒక దుకాణం మూసేస్తుంటే తక్కువకు వచ్చిందని కొన్నారు. మా అబ్బాయి చదువుకున్న బల్ల దాని మీద చేసినదే.

ఒక రాత్రి ఆయన బనియన్ మార్చుకుంటుంటే పక్కటెముకల కింద అరచేయంత నల్లటి కమిలిన మచ్చ కనిపించింది. అడిగితే "ఏం లేదు, చెక్క తగిలింది" అన్నారు. ఎప్పుడంటే, రెండు రోజులైందట. టేకు పట్టీ కోస్తుంటే అది బ్లేడు మీది నుండి ఎగిరి వచ్చి పొట్టలో కొట్టింది. నాకు చెబితే మిషన్ అమ్మించేస్తానని దాచారు.

పొట్ట మీద దెబ్బను దాచకూడదు. లోపల ప్లీహానికి గాని కాలేయానికి గాని గాయమైతే పైకి మచ్చ మాత్రమే కనిపిస్తుంది. రక్తం లోపల కారుతుంది. మరునాడు పొద్దున్నే డాక్టరు గారికి చూపించి స్కానింగ్ చేయించాము. ఏమీ కాలేదు. ఇంటికి వచ్చాక ఆయన అన్నారు, "మోటరు ఇంకా బంగారంలా ఉంది, బేరింగు మార్పిస్తే చాలు." నేను అన్నాను, "నేను అడిగేది మోటరు సంగతి కాదండీ, మీ సంగతి."

తర్వాత తెలిసిన మెకానిక్‌ను పిలిపించాము. ఆయన దగ్గర కూర్చొని నేను నేర్చుకున్నదే ఈ పాఠం.

చెక్క ఎందుకు ఎగిరి తంతుంది?

ముందు బ్లేడు వేగం లెక్క చూద్దాం. పది అంగుళాల బ్లేడు చుట్టుకొలత సుమారు 80 సెంటీమీటర్లు. నిమిషానికి 4,000 సార్లు తిరిగితే దాని అంచు నిమిషానికి 3,200 మీటర్లు పోతుంది. అంటే గంటకు 190 కిలోమీటర్లకు పైగా. మన హైవే మీద ఏ బస్సూ అంత వేగంగా పోదు.

బ్లేడు ముందు వైపు పళ్లు, అంటే మన వైపు ఉన్నవి, కిందికి దిగుతాయి. అవి చెక్కను బల్లకు అదిమి పెడతాయి. వెనుక వైపు పళ్లు పైకి లేస్తాయి. చెక్క సరిగ్గా కదిలినంతసేపు వెనుక పళ్లకు పని లేదు. కాని కోసిన సందు మళ్లీ మూసుకుపోయినా, పక్కన ఉండే గైడు వంకరగా ఉండి చెక్కను బ్లేడు మీదికి నెట్టినా, వెనుక పళ్లు ఆ చెక్కను పట్టుకుంటాయి. పైకి లేపి, నిలబడి ఉన్న మనిషి మీదికి విసురుతాయి. ఇది రెప్పపాటులో జరుగుతుంది. తప్పుకునే సమయం ఉండదు. చెక్క పొట్టలో తగలడం ఒక ప్రమాదం. చెక్క హఠాత్తుగా పోయేసరికి దాన్ని నెడుతున్న చెయ్యి బ్లేడు మీద పడడం అంతకంటే పెద్ద ప్రమాదం.

దీన్ని ఆపడానికి మూడు వస్తువులు ఉన్నాయి.

1. బ్లేడు వెనుక నిలిచే ఇనుప రేకు. దుకాణాల్లో రివింగ్ నైఫ్ అని అడగాలి. ఇది కోసిన సందు మూసుకోకుండా ఆపుతుంది. బ్లేడు రేకు కంటే కాస్త మందంగా, కోత సందు కంటే సన్నగా ఉండాలి. బ్లేడుతో పాటు ఎక్కాలి, దిగాలి.

2. బ్లేడు మీది గార్డు, అంటే మూత. చెయ్యి నేరుగా పళ్ల మీద పడకుండా కాపాడుతుంది.

3. గైడు. ఇది బ్లేడుకు సమాంతరంగా ఉండి, బిగిస్తే కదలకూడదు.

మా మిషన్‌కు గార్డు లేదు. రేకు లేదు. ఆ రేకు బిగించే చోటే లేదు. గైడు బిగించినా చేతితో నెడితే జరుగుతోంది. ఇరవై ఏళ్లు ఆయన ఆ మిషన్ మీద పని చేశారు. నేను ఒక్కసారి కూడా దగ్గరకు వెళ్లి చూడలేదు. ఆ తప్పు నాది కూడా.

బాగు చేస్తే బాగయ్యేవి

సిరిసిల్లలో సాంచాలు నడిపే కుటుంబాలకు ఇది కొత్త విషయం కాదు. ఎన్నో ఏళ్ల నాటి సాంచాకు బెల్టు మార్చి, నాడె మార్చి, అరిగిన భాగం మార్చి నడుపుకుంటారు. పాతది అయినంత మాత్రాన పనికిరానిది కాదు. రంపపు మిషన్‌లో కూడా ఈ భాగాలు తక్కువ ఖర్చుతో బాగవుతాయి:

* మోటరు గుయ్యిమని తిరగకుండా ఉంటే తరచుగా కెపాసిటర్ పోయి ఉంటుంది. మార్చవచ్చు.
* చిన్న మిషన్లలో నిప్పురవ్వలు ఎక్కువైతే కార్బన్ బ్రష్షులు అరిగి ఉండవచ్చు. మార్చవచ్చు.
* బెల్టు జారితే, పగిలితే కొత్తది వేయవచ్చు.
* బేరింగు అరిస్తే, షాఫ్టు ఊగితే బేరింగులు మార్చాలి. మార్చాక కూడా బ్లేడు ఊగితే షాఫ్టే వంగింది. అప్పుడు ఖర్చు మళ్లీ లెక్క వేసుకోవాలి.
* బ్లేడు మొద్దుబారితే సాన పట్టించాలి. మొద్దు బ్లేడుతో ఎక్కువ బలంగా నెట్టాలి. బలంగా నెట్టే చెయ్యే జారుతుంది. పళ్లు ఊడినా, బ్లేడు చిట్లినా పారేయాలి.

పరీక్ష ఏదైనా ప్లగ్గు పీకిన తర్వాతే చేయాలి. స్విచ్ ఆపితే చాలదు. గైడు సమాంతరంగా ఉందో లేదో ఇంట్లోనే చూడవచ్చు. బ్లేడు ముందు అంచు నుండి గైడుకు దూరం కొలవండి. వెనుక అంచు నుండి కూడా కొలవండి. వెనుక దూరం తక్కువ వస్తే ఆ గైడు చెక్కను బ్లేడు మీదికి నెడుతోందని అర్థం.

స్విచ్ గురించి ప్రత్యేకంగా ఒక మాట

మన రైతులకు ఆటో స్టార్టరు బాగా తెలుసు. కరెంటు ఎప్పుడు వస్తే అప్పుడు బావి మోటరు తానే తిరిగేది. 2018 జనవరి 1 నుండి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేటప్పుడు వాటిని తీసేయమని ప్రభుత్వం చెప్పింది. భూమిలో నీళ్లు వృథా కాకూడదని.

రంపపు మిషన్‌కు మామూలు స్విచ్ ఉంటే అది ఆటో స్టార్టరుతో సమానం. కోస్తుండగా కరెంటు పోతుంది. స్విచ్ ఆన్‌లోనే ఉందని మరచిపోయి, ఇరుక్కున్న చెక్కను తీయడానికి చెయ్యి పెడతాము. కరెంటు వస్తుంది. కాబట్టి కరెంటు పోతే తానే ఆఫ్ అయిపోయి, మనం మళ్లీ పచ్చ బటన్ నొక్కితేనే తిరిగే స్విచ్ వేయించండి. నో వోల్ట్ స్విచ్ అని అడగండి. ఎర్తింగ్ కూడా అప్పుడే సరి చూపించండి. పాత మిషన్‌కు ఇది మొట్టమొదటి రిపేరు కావాలి.

బాగు చేసినా బాగు కానివి

గార్డు పెట్టడానికి చోటు లేదు, రివింగ్ నైఫ్ బిగించడానికి పట్టు లేదు, బల్లే వంగిపోయింది, లోపలి ఇనుము పగిలింది. ఇలాంటి మిషన్ మోటరు ఎంత బాగున్నా చెయ్యిని కాపాడే శక్తి దానికి లేదు. వెల్డింగ్‌తో ఏదో రేకు అతికిస్తే అది బ్లేడుకు సరిగ్గా వరుసలో నిలబడదు. వంకర రేకు చెక్కను ఆపి, మనల్ని ఇంకా బలంగా నెట్టేలా చేస్తుంది.

ఇంకొకటి కూడా చూస్తున్నాను. చేతిలో పట్టుకునే కట్టర్‌ను ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా బిగించి, బ్లేడు పైకి వచ్చేలా చేసి వాడుతున్నారు. కొందరు టైల్స్ కోసే కట్టర్‌కే చెక్క బ్లేడు వేస్తున్నారు. దాని వేగం చాలా ఎక్కువ. మూత తీసేసి ఉంటుంది. స్విచ్ బల్ల కింద ఉంటుంది, చెయ్యి వెతుక్కోవాలి. దయచేసి దాన్ని బాగు చేయించవద్దు. విప్పేయండి.

ఫ్యాక్టరీలో మిషన్ల ప్రమాదకర భాగాలకు గట్టి రక్షణ ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌లోనే చెప్పారు. మన ఇంటి వెనుక షెడ్డుకు ఏ ఇన్‌స్పెక్టరూ రారు. అక్కడ ఇన్‌స్పెక్టరు ఇల్లాలే, కొడుకే, కోడలే.

కాబట్టి మోటరు ధర అడగడానికి ముందు ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి:

1. ఈ మిషన్‌కు గార్డు, రివింగ్ నైఫ్ సరిగ్గా బిగుస్తాయా?
2. గైడు, షాఫ్టు కదలకుండా తిన్నగా నిలుస్తాయా?
3. కరెంటు పోయి వచ్చినప్పుడు తానే తిరగకుండా ఉంటుందా?

మూడింటికీ అవును అని రాగలిగితే బాగు చేయించండి. పాతదైనా మంచిదే. మొదటిదానికి కాదు అని వస్తే మిగతా లెక్కలు వేయకండి, మార్చండి.

కొత్తది అంటే?

కొత్త మిషన్ కొనేటప్పుడు గార్డు, రివింగ్ నైఫ్ పెట్టెలో ఉన్నాయో లేదో దుకాణంలోనే విప్పించి చూడండి. ఇంటికి వచ్చాక వాటిని తీసి అటక మీద పడేస్తే కొత్త మిషన్ కూడా మొదటి రోజే పాతదైపోతుంది.

అమెరికాలో ఈ బల్ల రంపాల వల్ల ఏటా సుమారు 30,000 మంది బ్లేడు తగిలి ఎమర్జెన్సీ గదులకు వస్తున్నారని అక్కడి వినియోగదారుల భద్రతా కమిషన్ అంచనా వేసింది. అక్కడ స్టీఫెన్ గాస్ అనే ఆయన ఉన్నారు. భౌతికశాస్త్రం చదివిన న్యాయవాది, మన పాఠకుల్లాగే సరదాకు వడ్రంగి పని చేసేవారు. ఆయన 1999లో ఒక ఉపాయం ఆలోచించారు. బ్లేడులో చిన్న విద్యుత్ సంకేతం ఉంటుంది. చర్మం తగలగానే అది మారుతుంది. వెంటనే అల్యూమినియం దిమ్మ బ్లేడులోకి దూసుకెళ్లి సెకనులో ఇన్నూరవ వంతు సమయంలో ఆపేస్తుంది. సాస్టాప్ అనే పేరుతో ఆ మిషన్లు 2004 నుండి అమ్మకానికి వచ్చాయి. వేలు తెగే చోట చిన్న గీత పడుతుంది. కాని అవి ఖరీదైనవి. మనకు గార్డు, రివింగ్ నైఫ్, తోసే కర్ర ఉన్న మామూలు మిషన్ అయినా చాలా మేలు చేస్తుంది.

మూడో దారి కూడా ఉంది. గోదావరి అవతల నిర్మల్‌లో తేలికైన పొనికి కర్రతో చేసే బొమ్మలు ఎంత పేరు పొందాయో మీకు తెలుసు. ఆ పని ఎక్కువగా చేతి పనిముట్లతోనే సాగుతుంది. సరదా పనికి పెద్ద మిషన్ ఉండే తీరాలని లేదు. పెద్ద చెక్కలను కోత మిల్లులో పట్టీలుగా కోయించుకొని వచ్చి, మిగతాది చేతి రంపంతో చేసుకోవచ్చు. నెలకు రెండుసార్లు వాడే మిషన్‌కు ఇదే సరైన జవాబు కావచ్చు.

మిషన్ ఒక్కటే పాతబడలేదు

మెకానిక్ మిషన్ చూస్తుంటే నేను మా వారిని చూశాను. మిషన్‌కు ఇరవై ఏళ్లు, ఆయనకు అరవై దాటాయి. మిషన్‌ను పరీక్షించినట్లే మనిషినీ పరీక్షించాలి.

* కంటి చూపు. శుక్లాలు వచ్చినవారికి తిరిగే బ్లేడు సరిగ్గా కనిపించదు.
* షుగర్ ఉన్నవారు భోజనం వేళ దాటాక మిషన్ దగ్గర నిలబడకూడదు. షుగర్ పడిపోతే చెయ్యి వణుకుతుంది, తల తిరుగుతుంది. వేళ్లలో తిమ్మిరి ఉంటే డాక్టరుకు చెప్పాలి.
* మత్తు తెప్పించే జలుబు, దగ్గు మందులు, నిద్ర మాత్రలు వేసుకున్న రోజు మిషన్ వద్దు. మద్యం తాగి అసలే వద్దు.
* చెవి. ప్రతి రోజూ ఆ శబ్దం వింటే వినికిడి తగ్గుతుంది. చెవి రక్షణ పెట్టుకోవాలి.
* గ్లవుజులు వేసుకోకూడదు. బ్లేడు గ్లవుజును పట్టుకుంటే చెయ్యిని కూడా లాగేస్తుంది. మెడలో కండువా, వదులు చేతులు, వేలికి ఉంగరం ఉండకూడదు. కళ్లద్దాలు తప్పనిసరి.
* చిన్న ముక్కలను చేతితో నెట్టకూడదు. తోసే కర్ర వాడాలి. బ్లేడుకు ఎదురుగా కాక కొంచెం పక్కకు నిలబడాలి.

రంపపు పొట్టును కూడా తేలికగా తీసుకోవద్దు. చెక్క దుమ్ము మనిషికి క్యాన్సర్ కలిగించగలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో ప్రకటించింది. ముఖ్యంగా ముక్కు లోపలి క్యాన్సర్. ఇది ఏళ్ల తరబడి ఎక్కువ దుమ్ము పీల్చేవారికి వచ్చే ముప్పు. టేకు దుమ్ముతో కొందరికి చర్మం దురద పెడుతుంది, ఆయాసం వస్తుంది. మంచి మాస్కు పెట్టుకోండి. షెడ్డు తలుపులు తెరిచి ఉంచండి. ఊడ్చే ముందు నీళ్లు చల్లండి. ఆ బట్టలతో మనవలను ఎత్తుకోవద్దు.

వేలు తెగితే ఏం చేయాలి?

ఈ భాగాన్ని కత్తిరించి షెడ్డు గోడకు అంటించండి.

1. ప్లగ్గు పీకండి. గాయమైన వ్యక్తిని కూర్చోబెట్టండి లేదా పడుకోబెట్టండి.
2. శుభ్రమైన గుడ్డతో గాయం మీద గట్టిగా అదిమి పట్టండి. చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉంచండి. వేలి మొదట్లో దారంతో, రబ్బరుతో బిగించి కట్టకండి.
3. పసుపు, కాఫీ పొడి, సున్నం, కిరోసిన్ ఏదీ వేయకండి.
4. వాపు రాకముందే ఉంగరాలు తీసేయండి.
5. తెగిన ముక్కను పారేయకండి. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి గట్టిగా కట్టండి. ఆ కవరును ఐసు ముక్కలు, నీళ్లు ఉన్న ఇంకో కవరులో పెట్టండి. ముక్కకు ఐసు నేరుగా తగలకూడదు. నీళ్లలో వేయకూడదు.
6. 108కు ఫోన్ చేయండి. వేలు తెగిందని, ముక్క దొరికిందని చెప్పండి. తెగిన వేలిని అతికించే ఆపరేషన్ ఏ ఆసుపత్రిలో చేస్తారో ముందే అడిగి బయలుదేరితే దారిలో సమయం పోదు.
7. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకండి. మత్తు ఇవ్వవలసి రావచ్చు.
8. ధనుర్వాతం ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేశారో గుర్తు చేసుకోండి. లోతైన, మురికి గాయానికి 5 ఏళ్లు దాటితే మళ్లీ వేస్తారు. ఇప్పుడు టీటీకి బదులు టీడీ ఇస్తున్నారు.

పూర్తిగా తెగిపోయిన బొటనవేలిని జపాన్ డాక్టర్లు 1965లోనే అతికించగలిగారు. కాని ముక్కను తెచ్చినప్పుడే డాక్టరు ఏదైనా చేయగలరు.

మేము ఏం చేశాము?

మెకానిక్ బేరింగులు, బెల్టు, స్విచ్, కూలీ అన్నీ కలిపి 3,500 రూపాయలు అవుతుందన్నారు. కొత్తది 30,000 పైమాటే. మా వారు నా ముఖం చూశారు. నేను మెకానిక్‌ను అడిగాను, "తమ్ముడూ, 3,500 పెడితే ఆ వెనుక రేకు పెట్టగలవా?" ఆయన బల్ల కింద టార్చి వేసి చూసి, "లేదమ్మా, దీనికి ఆ పట్టే రాదు" అన్నారు. అక్కడితో మాట తేలిపోయింది.

ఇంకో కష్టం మిగిలింది. మోటరు బాగుందని విని, పక్క ఊరి కుర్రాడొకరు 5,000 ఇస్తానని వచ్చాడు. మాకు ఆ డబ్బు కొత్తదానికి అక్కరకు వచ్చేదే. మా వారు రాత్రంతా ఆలోచించి పొద్దున్నే ఆ అబ్బాయితో అన్నారు, "బాబూ, నా పొట్టకు తగిలింది నీ చేతికి తగిలితే ఆ 5,000 నాకు అరగదు." మోటరు ఒక్కటి విప్పి ఉంచుకొని, మిగతా ఇనుమును తుక్కు కింద వేశాము. బ్లేడును రెండు ముక్కలు చేయించి వేశాము.

కొత్త మిషన్ ఇంకా కొనలేదు. పైసా పైసా కూడబెడుతున్నారు. ఈలోగా కోరుట్లలో చెక్క కోయించుకొని వచ్చి, చేతి రంపంతో మనవరాలికి ఒక చిన్న స్టూలు చేశారు. ఒక కాలు కాస్త పొట్టిగా ఉంది. ఆయన పది వేళ్లూ క్షేమంగా ఉన్నాయి.

ఇంట్లో కలిసి మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో, దుకాణంలో మూత తీసేసి వాడుతున్న మిషన్ ఏదైనా ఉందా? ఆ మూత ఇప్పుడు ఎక్కడ ఉంది?
2. కరెంటు పోయినప్పుడు ఎవరు స్విచ్ ఆపుతారు?
3. ఇంట్లో ప్రతి ఒక్కరికీ ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేశారో రాసి పెట్టామా?
4. మనకు పనికిరాదని తేలిన మిషన్‌ను ఇంకొకరికి అమ్మడం గురించి మనం ఏమనుకుంటున్నాము?

వచ్చే నెల ఇంకో పాఠంతో కలుసుకుందాం. మీ చేతులు జాగ్రత్త.

మీ క్షేమం కోరే
నర్సింగ్ సూపరింటెండెంట్